ఫార్మాట్ కొట్టకుండా నా సిస్టమ్‌ని నిలబెట్టిన షాపు

సిస్టమ్‌కి ఏ జబ్బు చేసినా ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే షాపులే ఇన్నాళ్లూ చూశాను. ఈ షాపులో నాలుగు గంటలకు పైగా కూర్చున్నాను, ఆ మాట ఒక్కసారి కూడా వినపడలేదు. అందుకే ఐదు చుక్కలు నొక్కేసి వదిలేయకుండా జరిగిందంతా రాస్తున్నాను. ఆల్బమ్ డిజైనింగ్ చేసేవాళ్లు, స్టూడియో నడిపేవాళ్లు, ఇంట్లో పాత సిస్టమ్ పెట్టుకుని విండోస్ 11కి మారదామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి, పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

మాది బుచ్చిరెడ్డిపాళెం. మా ఆయన పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తారు, ఆల్బమ్ డిజైనింగ్ మొత్తం నాది. పదకొండేళ్లుగా ఇదే పని. 12 బై 36 షీటు అంటే 300 డీపీఐలో 10,800 బై 3,600 పిక్సెళ్లు, అందులో ఏడెనిమిది ఫొటోలు, బ్యాక్‌గ్రౌండు, పూలు, పేర్లు అన్నీ విడివిడి లేయర్లుగా ఉంటే ఒక్క ఫైలే ఒక జీబీ దాకా పోతుంది, అలాంటివి ఒక పెళ్లికి ముప్పై నలభై. సిస్టమ్ 2019లో అసెంబుల్ చేయించాం. ఐ5 తొమ్మిదో తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఫొటోషాప్ మాత్రం డబ్బు కట్టి వాడుతున్నాం. ఆరేళ్లలో ఆ సిస్టమ్ నన్ను ఒక్క సీజన్‌లో కూడా ఇబ్బంది పెట్టలేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. స్క్రీన్ మీద రోజూ ఆ మెసేజ్ వస్తుంటే, ఇంటర్నెట్‌లో బ్యాంకు పనులు కూడా ఇందులోనే చేస్తాం కదా అని నాకు భయం పట్టుకుంది. మా పెద్దోడు చూసి, ‘మన ప్రాసెసర్‌కి విండోస్ 11 వస్తుందమ్మా, ఎనిమిదో తరం నుంచి ఇస్తున్నారు, బయోస్‌లో టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ ఒక్కటి ఆన్ చేస్తే చాలు’ అన్నాడు. ఒక ఆదివారం రాత్రి పెట్టాడు, తెల్లారేసరికి అయిపోయింది. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాడు చేసిన దాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే కార్తీక మాసం ముహూర్తాలు నెత్తిమీద ఉన్నప్పుడు చేశాం, ఆ తప్పు మా ఇద్దరిదీ.

సోమవారం పొద్దున కూర్చుంటే మొదలైంది. ఫొటోషాప్ తెరుచుకుంటుంది, చిన్న ఫొటో అయితే బాగానే ఉంటుంది. షీటు తెరిచి పెళ్లికూతురి ముఖం దగ్గరికి జూమ్ చేస్తే నల్లటి గళ్లు గళ్లుగా వస్తాయి, ఇంకాస్త జూమ్ చేస్తే బిగుసుకుపోతుంది, ఇక మూసుకుపోవడమే. సేవ్ చేయని పని గోవిందా. మరునాటికి పెన్ ట్యాబ్లెట్‌లో ప్రెషర్ పోయింది, గట్టిగా నొక్కినా మెల్లగా గీసినా బ్రష్ ఒకటే మందం. స్కిన్ రీటచింగ్ చేసేవాళ్లకి అదెంత బాధో తెలుస్తుంది, చెయ్యి విరిగినట్టే. ఆ తర్వాత స్క్రాచ్ డిస్క్, అంటే ఫొటోషాప్ పని మధ్యలో తాత్కాలికంగా వాడుకునే డిస్క్ జాగా, నిండిపోయిందని ఒక మెసేజ్. తెలుగు టైపింగ్ డాంగిల్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి యూఎస్‌బీలో పెట్టే తాళంచెవి లాంటిది, పనిచేయడం మానేసింది. వారం తిరిగేసరికి, ల్యాబ్ నుంచి వచ్చిన ప్రూఫ్ షీట్లు చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను, అసలు కథ అదే.

ముందు దగ్గర్లోనే ఇంకో షాపుకి ఇచ్చాం. ఆ షాపు ఏదో, ఎక్కడో రాయను. రెండు రోజులు పెట్టుకుని, మూడో రోజు ఫోన్ చేసి ‘అప్‌గ్రేడ్ సరిగ్గా పడలేదు మేడం, ఫార్మాట్ కొట్టి పాత విండోస్ వేస్తాం, ఫొటోషాప్ కూడా మా దగ్గర ఫుల్ వెర్షన్ ఉంది, అదే వేసేస్తాం’ అన్నారు. సీ డ్రైవ్‌లో నా యాక్షన్లు (ఒక్క నొక్కుతో జరిగేలా రికార్డు చేసి పెట్టుకున్న పనులు), బ్రష్‌లు, పదకొండేళ్లు ఏరుకున్న ఫాంట్లు, డెస్క్‌టాప్ మీద నడుస్తున్న మూడు పెళ్లిళ్ల ఫోల్డర్లు ఉన్నాయి. అవేమవుతాయి అంటే ‘బ్యాకప్‌కి వేరే ఛార్జ్’ అన్నారు. అసలు ఏం చెడిందో చెప్పండి బాబూ అంటే చెప్పలేదు. సిస్టమ్ వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ మూడు రోజులూ ఊరికే పోయాయి, పైగా వాటి వల్ల ఇంకో నష్టం జరిగిందని ఈ షాపుకి వచ్చాకే తెలిసింది.

మా ఆయన ఫ్రెండు, కోవూరులో స్టూడియో ఉన్న అన్న, ఈ షాపు అబ్బాయి నంబరు ఇచ్చారు. రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. సాయంత్రం అతనే తిరిగి చేశాడు. విషయం వినగానే తీసుకురమ్మని చెప్పలేదు, ముందు ప్రశ్నలు అడిగాడు. ఏ రోజు అప్‌గ్రేడ్ చేశారు, ఏ ఫైలుకి ఆగిపోతుంది, చిన్న ఫైలుకి కూడానా, ఆగేముందు మీరు ఏం చేస్తున్నారు అని. చివర్లో, ‘సిస్టమ్ ఒక్కటే తెస్తే లాభం లేదక్కా. పెన్ ట్యాబ్లెట్, డాంగిల్, ల్యాబ్ నుంచి వచ్చిన షీట్లు, అన్నీ తెండి. మీరు కూడా రండి, ఇచ్చేసి వెళ్లిపోతే నాకు కుదరదు’ అన్నాడు. డాక్టరు దగ్గరికి రోగిని తీసుకురమ్మన్నట్టు ఉంది ఆ మాట, నాకు అక్కడే సగం ధైర్యం వచ్చింది.

మరునాడు వాన. మనవైపు వానలు ఆ నెలల్లోనే కదా. సీపీయూని దుప్పట్లో చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరు వచ్చాను. ట్రంకు రోడ్డు నుంచి సందులోకి తిరిగాక ఆటో లోపలికి రాదు, అక్కడి నుంచి మోసుకుపోవాల్సిందే. షాపు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. ఇది మాత్రం కష్టం, పెద్దవాళ్లు ఒక్కళ్లే రావద్దు. కానీ కింద నుంచి ఫోన్ చేస్తే అతనే దిగి వచ్చి సీపీయూ మోసుకెళ్లాడు.

లోపల ఒకటే గది. మూడు బల్లలు, ఒక మూల పాత మదర్‌బోర్డులు, ఇంకో మూల మంచి మానిటర్ ఒకటి. అతను ఆ మానిటర్‌కే నా సిస్టమ్ తగిలించాడు. కుర్చీ నావైపు జరిపి, ‘మీరు ఇంట్లో ఎట్లా చేస్తారో అట్నే చేయండి, నేను గమ్మున చూస్తాను’ అన్నాడు. నిజంగానే పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడకుండా చూశాడు. నేను తలంబ్రాల షీటు తెరిచాను, జూమ్ చేశాను, గళ్లు వచ్చాయి, ఆగిపోయింది. మళ్లీ తెరవమన్నాడు. మళ్లీ అదే చోట ఆగింది. మూడోసారి అతను ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గరికి వెళ్లి, ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ అన్న చోట టిక్ తీసేసి, మూసి తెరిచి, ఇప్పుడు చేయండి అన్నాడు. గళ్లు లేవు, ఆగలేదు. కొంచెం నెమ్మదిగా ఉంది, అంతే.

అయిపోయిందనుకుని నేను లేవబోతుంటే, ‘కూర్చోండక్కా, జబ్బు యాడుందో తెలిసింది, మందు ఇంకా వేయలేదు’ అన్నాడు. ఆ టిక్ తీసేసి వాడుకుంటే పని నడుస్తుంది కానీ, కాన్వాస్ తిప్పి చూసుకోవడం లాంటి కొన్ని సౌకర్యాలు పోతాయి, పెద్ద షీట్లకి వేగం పడిపోతుంది. కార్డు ఉండి కూడా లేనట్టే. ఆ టిక్ తీస్తే ఆగకపోవడాన్ని బట్టి ఒకటి తేలింది, తప్పు ఫైల్లో లేదు, ర్యామ్‌లో లేదు, ఫొటోషాప్‌లో లేదు, గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే దారిలో ఉంది. డివైస్ మేనేజర్ తెరిచి డ్రైవర్, అంటే కార్డుతో విండోస్ మాట్లాడటానికి ఉండే ప్రోగ్రామ్, దాని తేదీ చూపించాడు, 2021ది. అప్‌గ్రేడ్ చేసినప్పుడు పాత డ్రైవర్ అట్నే కొత్త ఇంట్లోకి వచ్చి కూర్చుంది. కార్డు కంపెనీ సైటులో రెండు రకాల డ్రైవర్లు ఉంటాయట, గేములు ఆడేవాళ్లకి ఒకటి, మనలాంటి పనివాళ్లకి స్టూడియో అని ఒకటి. స్టూడియోది దించాడు. వేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని, క్లీన్ ఇన్‌స్టలేషన్ అన్న గడిలో టిక్ పెట్టాడు, అది పెట్టకపోతే పాత సెట్టింగులు మిగిలిపోతాయి అని చెబుతూనే. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌లోకి పోయి ఫొటోషాప్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచాడు. గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్ మళ్లీ పెట్టి, ‘ఇప్పుడు మీ దగ్గర ఉన్నదాంట్లో అన్నింటికంటే పెద్ద ఫైలు తెరవండి’ అన్నాడు. రిసెప్షన్ షీటు తెరిచాను, దండలోని మల్లెమొగ్గ కనిపించేదాకా జూమ్ చేశాను. నిలబడింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఒకటుంది. ఇవన్నీ ముట్టుకోకముందే అతను నా యాక్షన్లు ఏటీఎన్ ఫైలుగా, బ్రష్‌లు ఏబీఆర్ ఫైలుగా సేవ్ చేయించి, ఫాంట్ల ఫోల్డరుతో కలిపి నా పెన్ డ్రైవ్‌లో వేయించాడు. వేశామని నోటితో చెప్పి ఊరుకోకుండా, అతని సిస్టమ్‌కి పెట్టి తెరిచి చూపించాడు. ఒక్కోసారి ఫొటోషాప్ సెట్టింగులు రీసెట్ చేయాల్సి వస్తుందట, తెరిచేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకుంటే అడుగుతుంది. చాలామంది మొదట చేసే పని అదే. సేవ్ చేసుకోకుండా చేస్తే మనం దిద్దుకున్నవి పోయే ప్రమాదం ఉంది. నాకు ఆ అవసరమే రాలేదు, అయినా ముందు జాగ్రత్త పడ్డాడు. బ్యాకప్‌కి వేరే ఛార్జ్ లేదు.

ఈలోపు నేను అడిగాను, ఇంత గొడవ ఎందుకు, పాత విండోస్‌కే వెళ్లిపోలేమా అని. అప్పుడు తెలిసింది నాకు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ ‘గో బ్యాక్’ అని ఉంటుంది. అప్‌గ్రేడ్ చేసిన పది రోజులలోపు అది నొక్కితే, ఫైళ్లకి ఏమీ కాకుండా పాత విండోస్ వెనక్కి వస్తుంది. పది రోజులు దాటితే పాతది సిస్టమ్ తనే తుడిచేస్తుంది. నేను వచ్చింది పదకొండో రోజు. ముందు షాపులో మూడు రోజులు ఊరికే పడి ఉండకపోతే నాకు ఆ దారి కూడా ఉండేది. అక్కడ ఎవ్వరూ ఈ మాట చెప్పలేదు. ఫార్మాట్ అక్కర్లేకుండా వెనక్కి వెళ్లే దారి ఉన్నప్పుడు ఫార్మాట్ అని చెప్పారు. దాని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఆ పాత విండోస్ సీ డ్రైవ్‌లోనే బోలెడంత జాగా పట్టుకుని కూర్చుంది, నా స్క్రాచ్ డిస్క్ కూడా సీ డ్రైవే, అందుకే మొదటి వారం అంతా డిస్క్ నిండిపోయిందని అరిచింది. ఈ అబ్బాయి స్క్రాచ్‌కి డీ డ్రైవ్ కూడా రెండోదిగా చేర్చాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. సీజన్ అయ్యేదాకా విండోస్ 10లోనే ఉండాలనుకుంటే ఈఎస్‌యూ అని ఒక దారి ఉంది, విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అంటే మేము అంత తొందరపడాల్సిన పనే లేదు. ఇంకా మారనివాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, చేతిలో పెళ్లి ఆర్డర్లు ఉన్నప్పుడు మాత్రం మారకండి.

ఇప్పుడు ప్రూఫ్ షీట్ల సంగతి.

కోవూరు పెళ్లి ఒకటి చేస్తున్నాను. నాలుగు షీట్లు ల్యాబ్‌కి పంపి చిన్న సైజులో ప్రూఫ్ తెప్పించుకున్నాను. వచ్చినవి చూస్తే మధుపర్కాలు నీలంగా ఉన్నాయి. తెల్లటి చీర, ఎర్రంచు, అది తెల్లగానే ఉండాలి, అందరి కళ్లూ పోయేది అక్కడికే. అది నీలం కలిపిన గంజిలో ముంచినట్టు ఉంది. పెళ్లికూతురి చేతులు జ్వరం వచ్చినట్టు పాలిపోయాయి. ల్యాబ్ వాళ్లని అడిగితే మీ ఫైలే అంత అన్నారు, నేను వాళ్లతో గొడవ కూడా పడ్డాను. ఇంట్లో మానిటర్ మీద చూస్తే తెల్లగానే ఉంది మరి.

అతను ఆ ప్రూఫ్‌ని మానిటర్ పక్కన పెట్టి, అదే ఫైలు తెరిచి చాలాసేపు చూశాడు. షాపు మానిటర్ మీద కూడా నీలంగానే కనిపించింది. నాకు గుండె జారిపోయింది. ఇన్ఫో ప్యానెల్ తెరిచి చీర తెల్లటి భాగం మీద కర్సర్ పెట్టాడు. అంకెలు చూడండక్కా అన్నాడు. ఎరుపు 208, ఆకుపచ్చ 222, నీలం 246. తెలుపో బూడిదో అయితే మూడూ ఇంచుమించు సమానంగా ఉండాలి, నీలం అంత ఎక్కువ ఉందంటే ఫైల్లోనే నీలం ఉంది. ల్యాబ్ తప్పు కాదు. తర్వాత ఇంకో షీటు తెరవమన్నాడు, అది బాగుంది. ఇంకోటి, అదీ బాగుంది. మూడోది నీలం. అప్పుడు అడిగాడు, ‘ఈ షీట్లు ఎప్పుడెప్పుడు కలర్ చేశారక్కా? పగలా, రాత్రా?’

ఆలోచిస్తే, బాగున్నవి రెండూ పొద్దున వంట కాకముందు చేసినవి. నీలంగా ఉన్నవన్నీ దీపాలు పెట్టాక కూర్చుని చేసినవి. నేను ఆ మాట చెప్పగానే అతను నవ్వి, కొంచెంసేపు ఆగుదాం అని టీ తెప్పించాడు. టైము ఐదు దాటింది. పెన్ ట్యాబ్లెట్ పని చేస్తూ కూర్చున్నాడు. ఐదున్నర దాటి బయట చీకటి పడుతుండగా, మా కళ్ల ముందే స్క్రీన్ మీద తెలుపు మెల్లగా పసుపు తిరగడం మొదలైంది. ఒక్కసారిగా కాదు, తెల్ల లుంగీకి పసుపు నీళ్లు ఇంకినట్టు, నిదానంగా. ఆ నీలం మధుపర్కం చక్కగా తెల్లబడింది!

నైట్ లైట్. కళ్లకి శ్రమ తగ్గించడానికి విండోస్‌లో ఉండే సెట్టింగు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా స్క్రీన్‌ని పసుపుగా చూపిస్తుంది. ఫైల్లో ఏ మార్పూ ఉండదు, మన కంటికి కనిపించేది మాత్రమే మారుతుంది. నేను రోజూ సాయంత్రం ఆ పసుపు ఫొటోలోనే ఉందనుకుని, దాన్ని చంపడానికి నీలం కలుపుకుంటూ పోయాను. విండోస్ 11లో కింద కుడిమూల స్పీకర్ గుర్తు నొక్కితే వచ్చే పెట్టెలోనే నైట్ లైట్ కూడా ఉంది, చెయ్యి పడితే ఆన్ అయిపోతుంది. మా ఇంట్లో ఎవరి చెయ్యి పడిందో, టైము ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కిందే ఉంటుంది, ఆఫ్ చేసి, దాని షెడ్యూల్ కూడా ఆఫ్ చేయాలి. షెడ్యూల్ వదిలేస్తే మరునాడు సాయంత్రం మళ్లీ వస్తుంది. ఫొటోల పని చేసేవాళ్లు అప్‌గ్రేడ్ కాగానే మొట్టమొదట చూడాల్సింది ఇదే అని నేను చెబుతాను. ఫొటోషాప్ ఆగిపోతే వెంటనే తెలుస్తుంది, ఇది మాత్రం ల్యాబ్ నుంచి షీటు వచ్చేదాకా తెలియదు. మొత్తం పద్నాలుగు షీట్లు అలా పాడయ్యాయి. కలర్‌ని వేరే అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో చేసినవి తొమ్మిది, వాటిల్లో ఆ లేయర్ తీసేస్తే సరిపోయింది. మిగతా ఐదూ నేను లేయర్లు కలిపేసి ఉంచాను, అవి మళ్లీ మొదటి నుంచి చేశాను, రెండు రాత్రులు పట్టింది. పగలా రాత్రా అని అడగాలన్న ఆలోచన అతనికి రాకపోతే నేను ఇంకా ల్యాబ్ వాళ్లతో పోట్లాడుతూనే ఉండేదాన్ని. తర్వాత ల్యాబ్‌కి ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

పెన్ ట్యాబ్లెట్ సులువుగానే అయింది. పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, ఆ ట్యాబ్లెట్ కంపెనీ సైటు నుంచి కొత్తది వేసి, అందులో విండోస్ ఇంక్ అన్న చోట టిక్ పెట్టాడు. ప్రెషర్ వచ్చేసింది. పెన్ను కాసేపు నొక్కి ఉంచితే చుట్టూ గుండ్రం వచ్చి రైట్ క్లిక్ అవుతుంటుంది కదా, దాన్ని కూడా పెన్ సెట్టింగ్స్‌లో ఆపేశాడు.

డెస్క్‌టాప్ ఫోల్డరుతో కూడా ఒక చిక్కు ఉందని అతనే కనిపెట్టాడు, నేను గమనించలేదు. అప్‌గ్రేడ్ తర్వాత ఏదో అడిగితే సరే అని నొక్కినట్టున్నాం, డెస్క్‌టాప్ మొత్తం క్లౌడ్ బ్యాకప్‌లోకి పోయింది. ఫైళ్ల పక్కన మేఘం గుర్తు వస్తుంటే అందమైన గుర్తే అనుకున్నాను. ఆ గుర్తు ఉన్న ఫైలు మన డిస్క్‌లో ఉండదు, తెరిచినప్పుడు నెట్ నుంచి దిగుతుంది. జీబీ ఫైలు మా ఊరి నెట్‌లో దిగాలంటే ఎంతసేపు! నడుస్తున్న పెళ్లిళ్లన్నీ డీ డ్రైవ్‌లో ఫోల్డరు చేసి అక్కడికి దించి, కాపీ సరిగ్గా వచ్చిందో లేదో లెక్క చూసుకున్నాకే క్లౌడ్ బ్యాకప్ ఆపాడు. ముందు ఆపేస్తే ఫైళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తుందన్నాడు.

కానిది ఒకటుంది, అదీ రాయాలి. నా పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ డాంగిల్ పనిచేయలేదు. డాంగిల్ డ్రైవర్ చాలా పాతది, విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక రక్షణ ఉంది, అది ఆ డ్రైవర్‌ని లోపలికి రానివ్వడం లేదు. ‘ఆ రక్షణ ఆపేస్తే మీ డాంగిల్ పనిచేయొచ్చు, కానీ మీరు ఇందులో బ్యాంకు పనులు చేస్తారు, నేను ఆపను’ అని ఖరాకండిగా చెప్పాడు. నాకు అప్పుడు చిరాకేసింది, ఎందుకంటే శుభలేఖల పని అంతా ఆ ఫాంట్లతోనే. బదులుగా డాంగిల్ అక్కర్లేని యూనికోడ్ ఫాంట్లు పెట్టి ఇచ్చాడు. రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, ధూర్జటి, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ అని వేయాలి, మామూలుగా వేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లకి కనిపించవట. నేను అంతకుముందు ఒకసారి యూనికోడ్ ప్రయత్నించి వదిలేశాను, ఒత్తులు విడిపోయి ‘శ్రీ’ కూడా సరిగ్గా పడేది కాదు. ఫొటోషాప్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్ ‘వరల్డ్ రెడీ’ పెట్టాలట. పెట్టి, నా చేత ‘చి.ల.సౌ.’ టైపు చేయించి చూపించాడు, ఔకారం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అలవాటు పడటానికి నాకు పది రోజులు పట్టింది. పాత ఫాంట్ల అలంకారం వీటిల్లో అంతగా లేదు, కస్టమర్లు కొందరు పాతవే అడుగుతున్నారు. మా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది, ఆ టైటిల్స్ వరకు దాంట్లో చేసి తెచ్చుకుంటున్నాను.

మానిటర్ కలర్ ప్రొఫైల్ ఇంటికి వెళ్లాక నేనే పెట్టుకోవాల్సి వచ్చింది, అక్కడ ఉన్నది అతని మానిటర్ కదా. రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్ చేసి, కలర్ మేనేజ్‌మెంట్ తెరిపించి, నా పాత ఐసీసీ ఫైలు, అంటే ఆ ప్రొఫైల్ ఉండే ఫైలు, ఎంచి డిఫాల్ట్ చేయించాడు. ఇరవై నిమిషాలు ఫోన్‌లో ఉన్నాడు, దానికి పైసా అడగలేదు.

మొత్తం తీసుకున్నది 1,300 రూపాయలు. ముందు షాపు ఫార్మాట్‌కే 800 చెప్పింది, బ్యాకప్ కాకుండా. డబ్బు కంటే నాకు విలువైనది అతను రాసిచ్చిన కాగితం. రూళ్ల కాగితం మీద, తేదీ వేసి, ఏ సెట్టింగు ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఏం చేశాడు, పాతలా కావాలంటే ఎక్కడ నొక్కాలి అని పదకొండు లైన్లు తెలుగులో రాశాడు. సీపీయూ బల్లకి లోపలివైపు అతికించుకున్నాను. మొన్న ఒక పెద్ద అప్‌డేట్ పడ్డాక ఆ కాగితం చూసి అన్నీ ఒకసారి సరిచూసుకున్నాను, పెన్ సెట్టింగు ఒక్కటి మారింది, ఎవర్నీ పిలవకుండా నేనే పెట్టుకున్నాను.

ఇబ్బందులు కూడా చెబుతాను. మెట్ల సంగతి చెప్పాను. ఫోన్ మొదటిసారి ఎత్తడు, పని మధ్యలో ఎత్తను అంటాడు, సాయంత్రం తప్పకుండా చేస్తాడు. షాపులో మనిషి ఒక్కడే, నా ముందు ఒకరుంటే మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర దాకా కూర్చున్నాను. అర్జంటుగా గంటలో కావాలంటే కుదరదు. బిల్లు అడిగితేనే ఇస్తాడు, అడగండి. కంప్యూటర్ మాటలు కొంచెం వేగంగా చెబుతాడు, ఆపి మళ్లీ అడిగితే మాత్రం విసుక్కోడు. లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వేయమంటే వేయడు, నేను ఉండగానే ఒకాయన అడిగితే పంపించేశాడు. చుక్కల్లో సగం ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని, లేదు కాబట్టి ఐదు.

ఇది జరిగి ఐదు వారాలు. ఆరు ఆల్బమ్‌లు పంపాను, ఒక్కసారి కూడా ఆగలేదు, షీట్లు మానిటర్ మీద ఎలా ఉన్నాయో అలాగే వచ్చాయి. కోవూరు ఆల్బమ్ పోయిన శుక్రవారం ఇచ్చాం, పెళ్లికూతురి వాళ్ల అమ్మ మధుపర్కాల షీటు దగ్గరే చాలాసేపు ఆగింది.

వెళ్లేవాళ్లు పెన్ డ్రైవ్ ఒకటి ఖాళీగా తీసుకెళ్లండి, కనీసం 64 జీబీది. మీ చేతిలో ప్రింట్ షీటు ఉంటే అదీ పెట్టుకోండి. మంగళవారం షాపు ఉండదు.